ముందు ఎక్కడున్నావో చూసుకో

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, అసలీ ఆన్సిబుల్ గట్రా లేనప్పుడు వందల డేటాబేసు సర్వర్లని ఎలా చూసుకునేవాళ్ళు?" నేను పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకుని, "ఒక్కోదాంట్లోకీ లాగిన్ అయ్యి.." అని మొదలుపెట్టి ఆగిపోయా. నాకు మాత్రం ఏం తెలుసు గనక! నేను ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగంలో చేరేసరికే ఇవన్నీ ఉన్నాయి. పుట్టేసరికే ఇంట్లో కరెంటు ఉన్నవాడికి లాంతరు సంగతి ఏం తెలుస్తుంది?

సరే, వాడికి చెప్పలేకపోయానన్న ఉక్రోషంతో రెండు వారాలు కూర్చుని చదివాను. చదువుతుంటే సరదాగానూ ఉంది, మధ్య మధ్యలో కాస్త గుండె ఝల్లుమనడమూ ఉంది. అందుకే ఈ టపా. చివర్లో నా సొంత ఘనకార్యం కూడా ఒకటుంది, అందాకా ఓపిక పట్టండి :)

ఎక్కడో ఉన్న కంప్యూటర్లోకి ఇక్కణ్ణుంచి లాగిన్ అవ్వాలన్న ప్రయత్నం ఎంత పాతదంటే, ఇంటర్నెట్‌కి అమ్మమ్మ లాంటి ఆర్పానెట్ మీద పంపిన మొట్టమొదటి సందేశమే అది. 1969 అక్టోబరు 29, రాత్రి పదిన్నర. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న కంప్యూటర్లోకి వెళ్ళడానికి "లాగిన్" అని టైపు చెయ్యబోయాడు. ఎల్ వెళ్ళింది. ఓ వెళ్ళింది. జీ దగ్గర అవతలి మిషను పడిపోయింది. దాన్ని సరిచేసుకుని, ఓ గంట తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తే పూర్తిగా లాగిన్ అయ్యాడు. అంటే చరిత్రలో మొదటి రిమోట్ లాగిన్ రాత్రి షిఫ్టులో జరిగింది, మొదటి ప్రయత్నంలోనే సర్వర్ డౌన్ అయింది. మన వృత్తి జాతకం ఆ రాత్రే రాసిపెట్టారన్నమాట!

ఆ తర్వాత టెల్నెట్ వచ్చింది. అందులో ఉన్న పెద్ద చిక్కు మీకు తెలిసిందే. మనం కొట్టిన ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, తీగ మీద పోస్టుకార్డులాగా వెళ్తుంది. దారిలో ఉన్న ఎవడైనా చదువుకోవచ్చు. 1980ల మొదట్లో బర్క్‌లీ యూనిక్స్ వాళ్ళు ఆర్‌లాగిన్, ఆర్ఎస్‌హెచ్ అని ఇంకొంచెం సుఖమైన కమాండ్లు తెచ్చారు. ఆర్ఎస్‌హెచ్‌తో అవతలి మిషన్లోకి పూర్తిగా వెళ్ళకుండానే ఒక్క కమాండు అక్కడ నడిపించి జవాబు తెచ్చుకోవచ్చు. ఇవాళ మనం వాడే ఆటోమేషన్ పనిముట్లన్నిటికీ మూలబీజం ఇదే. పాస్‌వర్డు గోల లేకుండా "ఫలానా మిషన్ నుంచి వస్తే నమ్మెయ్" అని ఒక చిన్న ఫైలులో రాసుకునే వీలు కూడా ఇచ్చారు. యూనివర్సిటీల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

1988 నవంబరు 2న ఆ నమ్మకం కాస్తా బద్దలైంది. రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విద్యార్థి వదిలిన వార్మ్ ఎక్కిన దారుల్లో ఈ "నమ్మెయ్" దారి కూడా ఒకటి. అప్పటికి ఇంటర్నెట్‌లో ఉన్నవి సుమారు 60,000 కంప్యూటర్లయితే, అందులో 6,000 దాకా దాని బారిన పడ్డాయని అప్పట్లో వేసిన అంచనా. ఒక మిషన్ ఇంకో మిషన్ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో అందరికీ తెలిసొచ్చింది. అయినా టెల్నెట్‌నీ ఆర్ఎస్‌హెచ్‌నీ వెంటనే ఎవరూ వదల్లేదు. వదిలి ఏం పట్టుకుంటారు? ఇంకోటి లేదు కదా.

అది 1995లో వచ్చింది. ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో నెట్‌వర్కు మీద మాటేసి పాస్‌వర్డులు ఏరుకున్నారు. ఒళ్ళు మండిన టాటు ఇలోనెన్ అనే పరిశోధకుడు కూర్చుని ఎస్ఎస్‌హెచ్ రాశాడు. దానికి పోర్టు నంబరు కావాలి. ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంది. ఆ రెంటి స్థానంలో వాడుకునేదే కాబట్టి అది తనకిమ్మని పోర్టు నంబర్లు కేటాయించేవాళ్ళకి ఒక మెయిలు పెట్టాడు. మర్నాటికల్లా "తీసుకో" అని జవాబు వచ్చేసింది! కమిటీలూ లేవు, మూడు కాపీల అప్లికేషనూ లేదు. ఇవాళ మా ఆఫీసులో ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు తెరిపించాలంటే నలుగురి ఆమోదం, పదిరోజుల ఎదురుచూపు. ఆ ఏడాది జులైలో ఎస్ఎస్‌హెచ్ విడుదలైంది, ఏడాది చివరికల్లా 50 దేశాల్లో 20,000 మంది వాడటం మొదలుపెట్టారు. తర్వాత 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ని ఉచితంగా ఇవ్వడంతో అది లేని సర్వర్ అంటూ లేకుండా పోయింది.

ఇక్కడ మనకి సంబంధించిన ముచ్చటొకటి. ఎస్ఎస్‌హెచ్ జులైలో వచ్చిందా, సరిగ్గా ఆ వచ్చే నెలలో, అంటే 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ వాళ్ళు మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలెట్టారు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. అమెరికాలో ఉన్న సర్వర్ని మాదాపూర్లో కూర్చుని చూసుకోవచ్చు, వాళ్ళ రాత్రి మన పగలు కాబట్టి సౌకర్యం కూడాను అన్న లెక్క మీద ఒక పెద్ద పరిశ్రమే లేచింది. దీనికంతటికీ ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే కారణం అనను, లీజు లైన్లున్నాయి, వీపీఎన్‌లున్నాయి, వైటూకే పుణ్యముంది. కానీ దూరాన్నుంచి భద్రంగా లాగిన్ అయ్యే దారి అంటూ లేకపోతే వేరే దేశం వాడు తన డేటాబేసు తాళాలు మన చేతిలో పెట్టేవాడా?

మా బాబాయి అప్పట్లో అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో ఒరాకిల్ డీబీఏ కోర్సు చేశాడు. స్పైరల్ బైండింగు చేసిన ఆ జెరాక్సు నోట్సు ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది. షిఫ్టు మొదలవగానే ఏం చేసేవారని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఒక్కో డేటాబేసులోకీ వెళ్ళి, టేబుల్‌స్పేస్ ఎంత నిండిందో చూడటం, అలర్ట్ లాగ్‌లో ఓరా ఎర్రర్లున్నాయేమో వెతకడం, రాత్రి బ్యాకప్ అయిందో లేదో చూసి ఎక్సెల్ షీటులో టిక్కు పెట్టడం. 30 డేటాబేసులుంటే 30 సార్లు ఇదే తంతు. "చివరి పది దగ్గరికొచ్చేసరికి కళ్ళు టిక్కు పెడతాయిరా, మనసు పెట్టదు" అన్నాడు.

ఈ విసుగులోంచే మొదటి ఆటోమేషన్ పుట్టింది. ఒక టెక్స్ట్ ఫైలులో సర్వర్ల పేర్లు, దాని మీద ఒక ఫర్ లూప్, లూపు లోపల ఎస్ఎస్‌హెచ్. అంతే. ఇవాళ్టికీ ప్రతి ఆఫీసులోనూ ఏదో ఒక మూల ఇలాంటి స్క్రిప్టు ఒకటి బతికే ఉంటుంది. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు, ముట్టుకోవడానికి మాత్రం అందరికీ భయం.

చేత్తో చేసే పని వల్ల నష్టం విసుగొక్కటే అయితే పర్లేదు. 2003 జనవరి 25న ఏం జరిగిందో చూడండి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని స్లామర్ అనే వార్మ్ బయల్దేరింది. మొత్తం 376 బైట్లు. ఒక్క యూడీపీ ప్యాకెట్టులో పట్టేస్తుంది. మొదటి నిమిషంలో ప్రతి 8.5 సెకన్లకీ రెట్టింపయింది. పది నిమిషాల్లో, లోపం ఉన్న మిషన్లలో 90 శాతాన్ని అంటుకుంది. కనీసం 75,000 మిషన్లు! బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు కూడా పనిచెయ్యలేదు. విషాదమేంటంటే, ఆ లోపానికి ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చేసింది. జనం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు? బద్ధకం అనడం తేలిక. ఒక్కో డేటాబేసు సర్వర్లోకీ వెళ్ళి, ఆపి, ప్యాచ్ వేసి, మళ్ళీ లేపి, అది లేవకపోతే తిట్లు తిని.. ఇదంతా వందసార్లు చెయ్యాలి. పైగా అసలు తమ దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎన్ని చోట్ల నడుస్తోందో చాలామందికి తెలియనే తెలియదు. చివరికి మైక్రోసాఫ్ట్ సొంత మిషన్లు కొన్ని కూడా ప్యాచ్ లేక దీని బారిన పడ్డాయి! ఇంక వేరేవాళ్ళని ఏమనగలం?

దీనికి అసలైన విరుగుడు ఆలోచించినవాడు కంప్యూటరు మనిషి కాదు, ఒక భౌతికశాస్త్రవేత్త. పేరు మార్క్ బర్జెస్. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, అక్కడున్న రకరకాల యూనిక్స్ మిషన్ల కోసం రాసిన షెల్ స్క్రిప్టుల చిక్కుముడి భరించలేక సీఎఫ్ఇంజిన్ రాశాడు. ఆయన పట్టుకున్న కిటుకు చిన్నదే. మిషన్‌కి "ఇది చెయ్, తర్వాత అది చెయ్" అని చెప్పొద్దు. "నువ్వు ఇలా ఉండాలి" అని చెప్పు. అలా లేకపోతే సరిదిద్దుకుంటుంది, ఉంటే ఊరుకుంటుంది.

మన డేటాబేసు భాషలో చెప్తాను. "రిపోర్ట్స్ అనే యూజర్ని సృష్టించు" అని స్క్రిప్టు రాసి రెండోసారి నడిపితే "ఆల్రెడీ ఉన్నాడు" అని ఎర్రరొచ్చి అక్కడే ఆగిపోతుంది. సగం సర్వర్లలో అయ్యి సగంలో ఆగితే ఇంకా నరకం, ఎక్కడిదాకా అయిందో చూసుకుంటూ కూర్చోవాలి. అదే "రిపోర్ట్స్ అనే యూజరు ఉండాలి" అని రాస్తే ఎన్నిసార్లు నడిపినా గొడవ లేదు. ఇంత చిన్న తేడా అర్థమవ్వడానికి నాకు ఉద్యోగంలో మొదటి ఏడాది పట్టింది.

ఆ ఆలోచన మీదే 2005లో ల్యూక్ కానిస్ పప్పెట్ తెచ్చాడు, 2009లో షెఫ్ వచ్చింది. మామూలుగా వీటికి ప్రతి సర్వర్లోనూ ఒక ఏజెంటు కూర్చోవాలి. మీ క్లయింటు డీబీఏని అడిగి చూడండి, ప్రొడక్షన్ డేటాబేసు మిషన్లో రూట్ అధికారంతో నీ ఏజెంటు నడిపిస్తానంటే ఏమంటాడో! 2012లో మైఖేల్ డీహాన్ తెచ్చిన ఆన్సిబుల్ ఇక్కడే గెలిచింది. అవతల ఏమీ పెట్టక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు, లైనక్స్ మిషన్లలో ఆ రెండూ ఎలాగూ ఉండేవే. ఆ పేరు ఉర్సులా లె గ్విన్ 1966లో రాసిన ఒక సైన్స్ ఫిక్షన్ నవలలోది, నక్షత్రాల మధ్య కూడా క్షణంలో మాట చేరవేసే పరికరం అది. 2015లో రెడ్‌హ్యాట్ ఆ కంపెనీని కొనేసింది. అమీర్‌పేట బోర్డుల మీద కూడా ఆ పేరు ఎక్కేసింది. మన దగ్గర ఒక టెక్నాలజీ నిలబడిందనడానికి అంతకన్నా రుజువేం కావాలి :)

ఇంతవరకూ కథ సుఖాంతమే. కానీ డేటాబేసు దగ్గరికొచ్చేసరికి ఒక పేచీ ఉంది.

మన పరిశ్రమలో ఒక నానుడి ఉంది, సర్వర్లని పెంపుడు జంతువుల్లా కాదు, మందలో పశువుల్లా చూడాలి అని. ఒకటి చస్తే ఇంకోటి. (ఈ మాట అన్నవాళ్ళు మా ఊరు వచ్చి చూడాలి, గేదెలకి కూడా పేర్లుంటాయి.) వెబ్ సర్వర్ల విషయంలో అది నిజమే, ఒకటి పోతే పది నిమిషాల్లో అలాంటిదే ఇంకోటి లేపొచ్చు. డేటాబేసు అలా కాదు. దాని విలువ దాని కాన్ఫిగరేషన్లో లేదు, లోపలున్న డేటాలో ఉంది. "నువ్వు ఇలా ఉండాలి" అని ప్లేబుక్కులో రాసినంత మాత్రాన నిన్న సాయంత్రం కస్టమరు పెట్టిన ఆర్డరు తిరిగి రాదు.

దీనికి అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించి, ఆ పాఠం మనందరికీ ఉచితంగా ఇచ్చినవాళ్ళు గిట్‌ల్యాబ్. 2017 జనవరి 31. వాళ్ళకి రెండు పోస్ట్‌గ్రెస్ సర్వర్లు, డీబీ1 ప్రైమరీ, డీబీ2 దాని నకలు. లోడు పెరిగి నకలు వెనకబడిపోయింది. దాన్ని మళ్ళీ మొదట్నుంచీ కట్టాలని ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయేదాకా కుస్తీ పడుతున్నాడు. బేస్ బ్యాకప్ కమాండేమో ఏ మాటా చెప్పకుండా వేలాడుతోంది. నిజానికి అది ప్రైమరీ కోసం ఎదురుచూస్తోందంతే, కానీ ఆ ముక్క స్క్రీను మీద కనపడదు. డేటా డైరెక్టరీ ఖాళీగా లేకపోవడమే కారణం అనుకుని, డీబీ2లో దాన్ని చెరిపేద్దామని కమాండు కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తను ఉన్నది డీబీ1 మీదని గుర్తొచ్చి ఆపాడు. అప్పటికే 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

సరే బ్యాకప్పులున్నాయి కదా అని చూస్తే.. రోజువారీ డంపు నెలకొన్నది తప్పు వెర్షన్ మీద. డేటాబేసు 9.6, డంపు తీసే ప్రోగ్రాము 9.2, కాబట్టి రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. బ్యాకప్పులు ఉండాల్సిన బకెట్టు ఖాళీ. చివరికి కాపాడింది ఏంటో తెలుసా? అదే ఇంజనీరు, ఆరు గంటల ముందు, వేరే పరీక్ష కోసం చేత్తో తీసి పెట్టుకున్న ఒక స్నాప్‌షాట్. దాన్నుంచి సైటుని లేపడానికి దాదాపు 18 గంటలు పట్టింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త వాడుకరుల ఖాతాలు పోయాయి.

అయితే వాళ్ళు ఆ తర్వాత చేసిన పని చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది. బాగుచెయ్యడాన్ని యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేశారు. జరిగింది పూసగుచ్చినట్టు రాశారు. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు, "టీమ్ మెంబర్ 1" అంతే. తప్పు మనిషిది అనలేదు, పద్ధతిది అన్నారు. చెయ్యాల్సిన పనుల జాబితాలో ఒకటి, ప్రాంప్టులో ఏ సర్వర్ మీదున్నామో స్పష్టంగా తెలిసేలా మార్చడం.

సరిగ్గా నాలుగు వారాల తర్వాత, 2017 ఫిబ్రవరి 28న, అమెజాన్ ఎస్3 తూర్పు తీరంలో కొన్ని గంటలపాటు పడిపోయి సగం ఇంటర్నెట్‌ని కూడా పడేసింది. అక్కడ వాడింది ఎప్పణ్ణుంచో ఉన్న ప్లేబుక్కే, నడిపింది అధికారం ఉన్న మనిషే. కొన్ని సర్వర్లని తియ్యబోయి, ఒక ఇన్‌పుట్టు తప్పు కొట్టడంతో చాలా సర్వర్లు పోయాయి. తర్వాత వాళ్ళు ఆ పనిముట్టుని నెమ్మదిగా నడిచేలా, ఒక హద్దు దాటి తియ్యనివ్వకుండా మార్చారు. పనిముట్టుని వేగంగా చెయ్యడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇప్పుడు దాన్నే నెమ్మది చెయ్యాల్సొచ్చింది!

ఇహ నా ఘనకార్యం.

రెండేళ్ళ కిందట నేనొక యూరప్ క్లయింటుకి పనిచేస్తుండేవాణ్ణి. 38 పోస్ట్‌గ్రెస్ సర్వర్లు. వాటిని అయిదేళ్ళుగా చూసుకుంటున్న సీనియర్ డీబీఏ ఒకాయన ఉండేవాడు, అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన దగ్గర పొడుగాటి రూళ్ళ పుస్తకం, అందులో ప్రతి పనికీ ఒక పేజీ, కమాండ్లన్నీ వరసగా. ఆ పుస్తకాన్ని ప్లేబుక్కులుగా మార్చే పని నాకిచ్చారు. మూడు నెలల్లో చేశాను. ఆయనే పక్కన కూర్చుని అన్నీ వివరించాడు. పని పూర్తయ్యాక మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు, ఆయన్ని ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేశారు. ఆయన బెంచి మీదకెళ్ళాడు, రెండు నెలలకి కంపెనీ మారాడు. వెళ్ళేటప్పుడు నన్నొక్క మాటనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత ఒక రోజు, చలికాలం, తెల్లవారుజామున నాలుగున్నర. వాళ్ళకి అర్ధరాత్రి. పోస్ట్‌గ్రెస్ చిన్న వెర్షన్ అప్‌డేట్. సర్వీసు ఆపు, ప్యాకేజీ మార్చు, సర్వీసు లేపు. ముందు నకళ్ళ మీద, వారం తర్వాత ప్రైమరీల మీద. నేను నిద్రకళ్ళతో లిమిట్ ఇవ్వడం మర్చిపోయి ఎంటర్ కొట్టాను.

ఆన్సిబుల్ పద్ధతి తెలిసినవాళ్ళకి ఇప్పటికే అర్థమై ఉంటుంది. వరసగా ఇన్నేసి సర్వర్లే చెయ్యమని మనం చెప్పకపోతే, అది ఒక పనిని అన్ని మిషన్ల మీదా పూర్తిచేశాకే రెండో పనికి వెళ్తుంది. ఒకేసారి అయిదేసి చొప్పున. అంటే మొదటి పనైన "సర్వీసు ఆపు" మొత్తం 38 మీదా నడిచాకే ప్యాకేజీ సంగతి. పసుపు రంగు లైన్లు అలా జారిపోతుంటే ప్రైమరీల పేర్లు కనపడ్డాయి. కంగారులో కంట్రోల్ సీ కొట్టాను. అది ఇంకా ఘోరం, ఆపినవన్నీ ఆపినట్టే ఉండిపోయాయి.

నేను చేసిన మొదటి పని ఆయనకి ఫోన్ చెయ్యడం. ఏ మొహం పెట్టుకుని చేశానో తెలీదు. రెండో రింగుకే ఎత్తాడు. మొత్తం విని, "డేటా పోలేదు తమ్ముడూ, ఆగిపోయింది అంతే. ముందు నీళ్ళు తాగు. ప్రైమరీలు లేపు, ఒక్కోటి, చేత్తో. లాగ్ చూడు. తర్వాత నకళ్ళు" అన్నాడు. 23 నిమిషాల్లో అన్నీ లేచాయి. అన్నీ లేచేదాకా లైన్లోనే ఉన్నాడు. చివర్లో అడిగాడు, "నా పుస్తకంలో ప్రతి పేజీ మీదా మొదటి లైను ఏముందిరా?"

"ముందు ఎక్కడున్నావో చూసుకో." ప్రతి పేజీ మీదా ఉంది. అది కమాండు కాదు కదా అని నేనే వదిలేశాను.

ఇప్పుడు మా ప్లేబుక్కులన్నిటికీ మొదటి పని అదే. లిమిట్ ఇవ్వకపోతే కదలదు. ఏయే సర్వర్లు తగులుతాయో చూపించి, ప్రైమరీ ఉంటే దాని పేరు చేత్తో టైపు చెయ్యమంటుంది. ఒకసారికి ఒక్క సర్వరే. కొత్త కుర్రాడు "ఇంత స్లో ఎందుకన్నా" అంటే ఈ కథంతా చెప్పాను.

ఆటోమేషన్ వద్దని నేను అనడం లేదు. వద్దంటే స్లామర్ లాంటిది మళ్ళీ వస్తుంది, ఈసారి ఆరు నెలలు కాదు ఆరు గంటల టైము కూడా ఇవ్వదు. నా బాధల్లా ఒకటే. చేసే పనిని ఫైలులోకి ఎక్కించేటప్పుడు, చేసే మనిషి జాగ్రత్త కూడా ఎక్కించామా అని ఎవరూ అడగరు. అది ఎక్కేసిందనుకుని మనిషిని పంపించేస్తాం. ఆయన్ని పంపించిన పాపంలో నా వాటా నాకుంది, ఈ టపా రాయడానికి అది కూడా ఒక కారణం.

మీలో డేటాబేసులు చూసేవాళ్ళుంటే ఒక పని చెయ్యండి. ఈ వారంలో మీ బ్యాకప్ ఒక్కటి తీసి, ఏదైనా ఖాళీ మిషన్ మీద నిజంగా రీస్టోర్ చేసి చూడండి. టిక్కు పెట్టడం కాదు, రీస్టోర్. వచ్చిందో లేదో, వస్తే ఎంతసేపు పట్టిందో ఇక్కడ చెప్పండి. రాకపోయినా చెప్పండి, పేర్లు అడగను :)